గొడుగాయనకి పోసిన బీరు

చిరంజీవి పెద్దబ్బాయిని నాన్న మనసారా దీవించి రాసేది ఏమంటే, ఇక్కడ నేనూ నీ చెల్లెలూ బాగున్నాం. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ ఉండేదే కాబట్టి నువ్వు దాన్ని దాటేసి కింది లైనుకి వెళ్లిపోతావని నాకు తెలుసు. ఈసారి ఆగు. ఆగి మళ్లీ చదువు. బాగున్నాంరా! నీ అంతవాణ్ణి రా అనకూడదని కోడలు అంటుంది గానీ, ఇవాళ నా సంతోషానికి మర్యాదలు గుర్తుకు రావట్లేదు. అక్కడ నువ్వూ, కోడలూ, నా బంగారు మనవరాలూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. మనవరాలి పెళ్లి మాట తలుచుకున్నప్పుడల్లా, ఒక్కణ్ణే ఉన్నా సరే, నవ్వొచ్చేస్తోంది.

నీ ఉత్తరం అందింది. అందిన రోజు చదివాను, మర్నాడు చదివాను, ఇంకోసారి చదివితే కోపమొస్తుందని మడిచి పెట్టేశాను. అడిగినవాటికి వరసగా జవాబు చెప్తాను. నా చదువు ఏపాటిదో నీకు తెలుసు కదా. అక్షరాలు వంకరపోతే సర్దుకో, మాట మాత్రం తిన్నగానే ఉంటుంది.

మోకాలు ఎలా ఉందన్నావు. దానికేం, నాకంటే హుషారుగా ఉంది. మీ ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నన్నాళ్లూ అది నన్ను ఏడిపించింది. ఇక్కడ పొద్దున్నుంచీ అటూ ఇటూ తిరుగుతుంటే దానికి ఏడ్చే తీరిక దొరకట్లేదు. నువ్వు పంపిన తైలం సీసా మూత తియ్యకుండా అలాగే ఉంది.

"ఈ వయసులో బీరు దుకాణంలో కూర్చుంటున్నావట, నిజమేనా?" అన్నావు. అబద్ధం. కూర్చోవట్లేదు, నిలబడుతున్నాను. బల్ల దగ్గర పోసే మనిషి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, అతను వచ్చేదాకా నేను పోస్తానన్నాను. తెల్ల చొక్కా వేసుకుని, నడుముకి తువ్వాలు చుట్టుకుని, కుళాయి తిప్పి, గ్లాసు కాస్త వంచి పడతాను. నురగ వేలెడు పైకి తేలాలి, కారకూడదు. చూడ్డానికి తేలికే గానీ, మొదటి రోజు నా చొక్కాయే ఎక్కువ తాగింది.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు నాన్నా, అని రాశావు. అననీరా. పాలు తాగేవాడికి ఆ బాధ గానీ నాకెందుకు? నేను తాగేది బీరే. రోజూ భోజనానికి ముందు ఒక చిన్న గ్లాసు, నీ చెల్లెలు కాచినది, దాని ఎదురుగానే కూర్చుని తాగుతున్నాను. చాటుగా తాగితే కదా ఎవరైనా చూస్తారని భయం!

ఇక బోర్డు సంగతి. యజమానురాలు, ఇక్కడ అందరూ పెద్దావిడ అంటారు, కాచే పనంతా నీ చెల్లెలి చేతికి అప్పజెప్పిందనీ, వాకిలి మీద బోర్డులో దాని పేరు రాయిస్తోందనీ అది నీకు ఎగిరి గంతేస్తూ ఉత్తరం రాసింది. నేనూ బీరు పోస్తున్నానని అందులోనే సరదాగా రాసింది. నువ్వేం చేశావు? దానికి జవాబు రాయలేదు. నాకు రాశావు. పెళ్లయ్యేదాకా ఆ పేరు రాయించకుండా ఆపమని రాశావు.

ఆపలేదురా. పెయింటరు నిచ్చెన ఎక్కితే కింద పట్టుకున్నది నేనే. అతను అక్షరాలు చిన్నవిగా రాయబోతే, "బాబూ, వీధి చివరి నుంచి నాకు కనపడాలి, నాకు చూపు ఆనదు" అన్నాను. చూపు బాగానే ఉంది. కానీ ఇప్పుడు వీధి చివరి నుంచే కనిపిస్తోంది నీ చెల్లెలి పేరు, దాని కింద "ప్రధాన కాపరి" అని. ఆ మాట పెద్దావిడే పుట్టించింది. కాచేది కాబట్టి కాపరి అట. గొర్రెల్ని కాస్తుందనుకుంటారేమో అన్నాను. "బీరుని పులియబెట్టే ఈస్టుని కాయడం గొర్రెల్ని కాయడం కంటే కష్టమండీ, కంటికి కనపడదు కదా" అంది పెద్దావిడ. ఆ రోజంతా నాకు నేల ఆనలేదు. పాలవాడికి చూపించాను, పోస్టువాడికి చూపించాను, దారినపోయే ఒకావిడని ఆపి చూపించాను. ఆవిడ పాపం బస్సు అందుకోవాలంది. చదివి వెళ్లమ్మా, చిన్న పేరే, అన్నాను.

నువ్వు రాసిన ఆఖరి మాటకి ఆఖరున వస్తాను. పిల్లాడి తరఫువాళ్లతో పిల్ల మేనత్త ఏం చేస్తుందంటే ధాన్యం వ్యాపారం అని చెప్పాననీ, నన్నూ అదే చెప్పమనీ, పెళ్లికి చెల్లెల్ని పిలిస్తే నలుగురూ నాలుగు మాటలంటారు కాబట్టి తర్వాతెప్పుడైనా వచ్చి పిల్లని చూసి పోతుందిలే అనీ రాశావు చూడు, ఆ మాటకి. దాన్ని నోట్లో పెట్టుకునే మిగతాదంతా రాస్తున్నాను.

"అయినా నాన్నా, అన్నీ నల్ల నీళ్లే కదా, దానికింత గొప్పేమిటి?" అని కూడా రాశావు. తిట్టను. ఎందుకంటే పోయిన వారం దాకా నేనూ నీలాంటి వాణ్ణే. బంగారం రంగు బీరయితే పోసి పోసి చెయ్యి తిరిగింది. నల్లవి నాలుగూ ఆ వారమే బల్ల మీదకి వచ్చాయి. నీ చెల్లెలు నెలల కిందట కాచి పెట్టి, తనకి అధికారం వచ్చాక మొదట బయటికి తీసినవి. నాలుగు పీపాలు, నాలుగు కుళాయిలు. ఏది ఏమిటో చెప్తాను కూర్చో నాన్నా అంటే, నాకెందుకు తెలీదే, జీవితమంతా రంగుల తొట్ల దగ్గరే కదా బతికాను, అన్నాను.

మా అద్దకం సంగతి నీకు గుర్తుందా? గుడ్డని ఎన్నిసార్లు ముంచితే అంత నలుపు. ఒక్క ముంచుకి బూడిద రంగు, ఇంకో ముంచుకి మేఘం, ముంచగా ముంచగా కాటుక. నలుపు ఎక్కువుంటే సరుకు ఎక్కువున్నట్టు. సరుకు ఎక్కువుంటే బరువు ఎక్కువ. అదే లెక్క ఇక్కడా వేసుకుని, నాలుగు గ్లాసుల్లో తలా కాస్త పోసి కిటికీ వెలుగులో పెట్టి చూశాను. ఒకటి కాటుక. ఒకటి దానికి ఏమాత్రం తీసిపోనిది. ఒకటి కాస్త గోధుమ కలిసిన నలుపు. ఒకటి మాత్రం ఎర్రగా, తేనె మరిగించినట్టు. సరే, ఈ ఎర్రది అన్నింట్లోకీ తేలిక, కాటుక లాంటిది గట్టిది, అని మనసులో రాసేసుకున్నాను. పరీక్షకి ముందే మార్కులు వేసుకున్నట్టు.

ఆ మధ్యాహ్నం వాన. బల్ల దగ్గర ఎవరూ లేరు. చేతిలో గొడుగుండీ తడిసి ముద్దయిన ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. నా ఈడే, కాకపోతే నాలుగేళ్లు చిన్న. ఆ గొడుగు తెరుచుకోదు. వీధంతా దాంతో కుస్తీ పట్టుకుంటూ వచ్చినట్టున్నాడు. అందుకే మేం ఆయన్ని గొడుగాయన అంటున్నాం.

"ఇక్కడ కూర్చోవాలంటే తాగాలాండీ?" అన్నాడు.

"అక్కర్లేదండీ. కాకపోతే తాగితే కూర్చున్నందుకు బాగుంటుంది."

నవ్వాడు. "నాకు పెద్ద అలవాటు లేదు. ఏదైనా తేలికది ఉంటే పొయ్యండి."

తేలికదట! నా కోసమే అడిగినట్టనిపించింది. బంగారం రంగుది ఆ రోజుకి అయిపోయింది కాబట్టి, ఎర్రదాన్ని పెద్ద గ్లాసు నిండా పోసి ముందు పెట్టాను. "ఇంతకంటే తేలికది మా దగ్గర లేదండీ. పసిపిల్లలాంటిది" అన్నాను.

ఆయన ఒక గుక్క తాగి, "తియ్యగా ఉందే! రొట్టె అంచు కొరికినట్టుంది" అన్నాడు. తాగుతూ తాగుతూ వాన సంగతి, మోకాళ్ల సంగతి, ఈ కాలం గొడుగుల సంగతి మాట్లాడుకున్నాం. ఇంకోటి పొయ్యండి అన్నాడు. పోశాను. అది సగమయ్యేసరికి కోటు విప్పాడు, గొడుగు తీసుకెళ్లి కుళాయి పిడికి తగిలించాడు, నన్ను "బావగారూ" అనడం మొదలుపెట్టాడు. ఆయన చెవులు అరుణోదయంలా ఎర్రబడ్డాయి.

అప్పుడు వచ్చింది నీ చెల్లెలు. తొట్టిలోంచి తడి గింజల పిప్పి పారతో ఎత్తిపోసి వస్తోంది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మోచేతుల దాకా తడి, జుట్టులో ఒక బార్లీ గింజ. గ్లాసు చూసింది, ఆయన్ని చూసింది, గ్లాసు వాసన చూసింది.

"నాన్నా, ఇదెవరికి పోశావు?"

"ఈయనకే. తేలికది అడిగారు."

"ఇది తేలికా? నాన్నా, ఇది బాక్! నాలుగింట్లోకీ గట్టిది ఇదే. చిన్న గ్లాసులో పొయ్యాల్సింది. ఎన్ని పోశావు?"

"రెండోదే కదే... ఎర్రగా ఉంది కదాని. పక్కది చూడు, కాటుకలా ఉంది!"

"ఆ కాటుకలా ఉన్నదే తేలికది."

పప్పులో కాలేశానంటారు. నేను తొట్టిలోనే దూకాను. గొడుగాయన మాత్రం, "తిట్టకమ్మా, బావగారు ప్రేమగా పోశారు" అని నన్ను వెనకేసుకొచ్చాడు.

అది ఆయన ముందు మంచినీళ్ల చెంబు పెట్టింది, రొట్టె కోసి పెట్టింది, తినేదాకా ఊరుకోలేదు. ఈలోపు మా ముగ్గురి మధ్యా కొంచెం మాట నడిచింది. అదేమిటో తర్వాత రాస్తాను. ఆయన కాస్త కుదుటపడ్డాక, "ఇద్దరూ ఇలా రండి" అని మమ్మల్ని కిటికీ దగ్గర బెంచీ మీద పక్కపక్కన కూర్చోబెట్టింది. బొటనవేలంత గ్లాసులు నాలుగు పెట్టింది. రెండు ముసలి బుర్రలూ వంగి చూశాం.

ఇప్పుడు నేను రాసేది శ్రద్ధగా చదువు. చదవమని ఎందుకంటున్నానో తర్వాత తెలుస్తుంది.

"ముందు రంగు సంగతి మర్చిపోండి" అంది. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడతారట. ఆ తెల్ల గింజే బీరుకి బలం. తీపి దాంట్లోదే, ఆ తీపిని తినే ఈస్టు మత్తు తయారుచేస్తుంది. ఇంకొన్ని గింజల్ని పెనం మీద మాడ్చినట్టు నల్లగా వేయిస్తారు. వాటిలో బలం దాదాపు ఉండదు, రంగూ వాసనే. పెద్ద తొట్టికి ఆ మాడిన గింజలు ఏ కాస్తో వేస్తే చాలు, మొత్తం నల్లబడిపోతుంది.

"మా తొట్టిలో అయితే..." అని నేను అందుకున్నాను.

"నీ తొట్టిలో ఎన్నిసార్లు ముంచితే అంత నలుపు నాన్నా. ఇక్కడ ఒక్క గుప్పెడు గింజ మాడితే చాలు. నలుపుని చూసి బలం చెప్పలేం."

కాటుకలాంటిది ముందు తాగించింది. దాన్ని నల్ల లాగర్ అంటారట. చల్లటి గదిలో నింపాదిగా పులియబెడతారు, ఈస్టు అడుగున చేరి మెల్లగా పని చేసుకుంటుంది. కళ్లు మూసుకుని తాగమంది. తాగితే ఏముంది, కాల్చిన రొట్టె వాసన కాస్త తగిలి, చల్లగా జారిపోయింది. "మింగాక ఏమీ మిగల్లేదే" అన్నాడు గొడుగాయన. "అదే దాని గొప్పండీ. శుభ్రంగా వస్తుంది, శుభ్రంగా పోతుంది. చుట్టాల్లో కూడా అలాంటివాళ్లు తక్కువ" అంది నీ చెల్లెలు. ఆయన నవ్వి నవ్వి మళ్లీ నీళ్లు తాగాడు.

రెండోది స్టౌట్. ఇదీ నలుపే. కానీ ముక్కు దగ్గర పెట్టుకోగానే కాఫీ. చక్కెర వెయ్యని కాఫీ. మొలకెత్తించకుండానే మాడ్చిన బార్లీ దీంట్లో పడుతుందట, ఆ పొడి చేదు దానిదే. నురగ మెత్తగా, గోధుమ రంగులో, మీసం మీద నిలబడిపోయింది. చిక్కగా ఉంటుంది కాబట్టి బలమైనదనుకుంటాం గానీ, ఇక్కడ కాచే స్టౌట్ లాగర్ కంటే ఏమంత ఎక్కువ కాదు. చిక్కదనం వేరు, మత్తు వేరు. వేరే చోట్ల మహా గట్టి స్టౌట్లు కూడా కాస్తారట, అది వేరే సంగతి.

మూడోది పోర్టర్. వెలుగులో పెడితే అంచున దానిమ్మ గింజ రంగు. చాక్లెట్టు, కాస్త మాడిన చక్కెర, స్టౌట్ అంత చేదు కాదు, మెత్తన. నిజానికి పోర్టరే పెద్దది, ముందు పుట్టింది. స్టౌట్ అన్నది మొదట్లో గట్టి పోర్టర్‌కి పెట్టిన పేరేనట, తర్వాత విడిగా కాపురం పెట్టింది. "ఇప్పుడు రెండింటికీ హద్దు ఎక్కడమ్మా?" అని అడిగాడాయన. "ఆ తగువు కాచేవాళ్లకే తెగలేదండీ. కొందరి స్టౌటు ఇంకొకరి పోర్టర్ కంటే మెత్తగా ఉంటుంది. నావి రెండూ వేరు, అంతవరకు చెప్పగలను" అంది. తెలియనిది తెలియదని ఎంత దర్జాగా చెప్పిందనుకున్నావు!

నాలుగోది మనవాడే, పసిపిల్లలాంటి బాక్. లాగర్ జాతిదే గానీ తెల్ల గింజ దండిగా పోసి, నెలల తరబడి చల్లగా ఉంచుతారు. దాంట్లో మాడిన గింజ లేదు, దోరగా వేగినదే, అందుకే ఆ ఎరుపు, ఆ తీపి. తీపి వెనక గట్టితనం దాక్కుంటుంది. నా కళ్ల ఎదుటే ఒక పెద్దమనిషిని బావగారూ అనిపించింది కదా.

తర్వాత మా ఇద్దరి కళ్లకీ రుమాళ్లు కట్టి గ్లాసులు కలిపేసి ఇచ్చింది. గొడుగాయన నాలుగూ చెప్పేశాడు. నేను స్టౌట్‌ని పోర్టర్ అన్నాను. కాదంది. నాకిచ్చిన గ్లాసు మారిపోయిందన్నాను. మళ్లీ ఇచ్చింది. మళ్లీ పోర్టర్ అన్నాను. "నాన్నా, నీ నాలుకకి కూడా రంగు అంటుకుంది" అంది. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఆ గ్లాసులో ఏదో ఉంది.

ఆ సాయంత్రం ఎంత బాగుందో నీకు చెప్పలేను. మీ అమ్మ ఉంటే ముక్కు మీద వేలేసుకుని, తర్వాత ఆ వేలు తీసి తనకీ ఒక గ్లాసు పొయ్యమనేది.

సరే, ఇక దాచుకున్న మాట. గట్టిగా ఊపిరి పీల్చుకో.

ఆ గొడుగాయన నీకు కాబోయే వియ్యంకుడు.

నాకు మాత్రం ఏం తెలుసు? నేనెప్పుడైనా చూశానా ఆయన్ని? రెండో గ్లాసు సగంలో ఆయనే మొదలుపెట్టాడు. "బావగారూ, ఈ ఊళ్లో ధాన్యం వ్యాపారం చేసే ఒకావిడ కోసం తిరుగుతున్నాను. మావాడు చేసుకోబోయే పిల్లకి మేనత్త. పనిమీద ఇటొచ్చాను కదా, పలకరించి పోదామని. ఏ ధాన్యం కొట్లో అడిగినా అలాంటి ఆవిడ లేదంటున్నారు. ఒకడు మాత్రం, బార్లీ కొనే ఆవిడ ఒకరున్నారు, అక్కడ కనుక్కోండి అని ఇటు చూపించాడు. ఇదేమో బీరు కాచేచోటు. నన్ను ఆటపట్టించాడంటారా?" అని, పిల్ల పేరు చెప్పాడు. నా మనవరాలి పేరు.

తుడిచిన బల్లనే తువ్వాలుతో మళ్లీ తుడిచాను. నీ మాట గుర్తొచ్చింది. నువ్వు చెప్పమన్నది ఒక్క ముక్కే కదా. ఆయనకి కళ్లు తేలిపోతున్నాయి, నేనేం చెప్పినా నమ్మేవాడు. ఎదురు వీధిలో ఏదో గిడ్డంగి చూపించి పంపించేసినా వెళ్లిపోయేవాడు. నువ్వు గట్టెక్కేవాడివి. ఆ మాట నోటి చివరి దాకా వచ్చింది కూడా, ఎందుకంటే నువ్వూ నా కొడుకువే, పెళ్లి కావాల్సింది నా మనవరాలికే.

సరిగ్గా అప్పుడు బూట్లు టపటపలాడించుకుంటూ అది వచ్చింది. అదే, బాక్ వాసన చూసి నన్ను తిట్టిందే, అప్పుడు. దాని జుట్టులో ఆ గింజ చూశాను. అంత పని చేసి, అంత పేరు తెచ్చుకుని, ఎవరో తెలియని మనిషి మత్తెక్కి పడిపోకుండా రొట్టె కోస్తోంది. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఇది నా కూతురు కాదని ఎలా అనను? ధాన్యం వ్యాపారం అన్నా ఆ మాటే కదా?

"బావగారూ, మిమ్మల్ని ఎవరూ ఆటపట్టించలేదు. మీరు వెతికే మేనత్త ఇదిగో, రొట్టె కోస్తోంది. ఇది నా కూతురు. మీరు తాగింది ఇది కాచిన బీరు. నేను పిల్ల తాతని" అన్నాను. అంతా ఒక్క గుక్కలో.

ఆయన నోట్లో రొట్టె నోట్లోనే ఉంది. నీ చెల్లెలి కత్తి ఆగింది. నువ్వు దాని గురించి ధాన్యం వ్యాపారమని చెప్పుకున్నావని అప్పటిదాకా దానికి తెలీదు. నేను చెప్పలేదు. అప్పుడు దాని మొహం ఎలా ఉందో నేను రాయను. నువ్వు దానికి అన్నవి, నీకు తెలుస్తుంది.

పాపం ఆయనే సర్ది చెప్పబోయాడు. "ధాన్యమే కదమ్మా, మీ అన్నయ్య చెప్పింది అబద్ధమేం కాదు."

"అబద్ధం కాదండీ. మొలకెత్తించేదాకా చెప్పి ఆపేశాడు మా అన్నయ్య" అంది. నవ్వుతూనే అంది. తర్వాతే మమ్మల్ని బెంచీ దగ్గరికి పిలిచి నాలుగు గ్లాసులు పెట్టింది. మసిపూసి మారేడుకాయ చెయ్యాలని చూసిన అన్న గురించి ఇంకొక్క మాట కూడా అనలేదు. ఎవరి నుంచి వచ్చిందో ఆ గుణం, నాకైతే లేదు.

వాన తగ్గాక ఆయన వెళుతూ గుమ్మం దగ్గర ఆగాడు. "అమ్మా, పెళ్లికి నువ్వు రావాలి. మీవాళ్లు పిలిచినా పిలవకపోయినా మా వైపు చుట్టంగా రా, నేను పిలుస్తున్నాను" అన్నాడు.

నాకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. అది మాత్రం చేతులు తుడుచుకుంటూ, "మీ మంచితనం అండీ. కానీ నేను ఆ పిల్లకి అత్తని. మా అన్నయ్య పిలిస్తే వస్తాను, లేకపోతే రాను" అంది. ఆయన ఎంత చెప్పినా అదే మాట.

తర్వాత నన్ను పక్కకి తీసుకెళ్లి ఆయన ఇలా అన్నాడు: "బావగారూ, బీరు కాస్తే నాకేం అభ్యంతరం లేదు, రుచి కూడా చూశాను. అబద్ధమే నచ్చలేదు. ముహూర్తం మాట్లాడుకోవడానికి మేం వచ్చే నెల మొదటి ఆదివారం మీ అబ్బాయి ఇంటికి భోజనానికి వెళుతున్నాం. అప్పుడు నేను మళ్లీ అడుగుతాను, మీ చెల్లెలు ఏం చేస్తుందండీ అని. ఏం చెప్తాడో చూస్తాను. మీరు మాత్రం ఆయనతో ఈ సంగతి అనకండి." నేను తలూపాను. నోటితో మాట ఇవ్వలేదు. తల ముసలితనానికి కూడా ఊగుతుంది కదా.

అందుకని ప్రశ్నాపత్రం నీకు ముందే బయటపెట్టేస్తున్నాను. ఆయనకి కోపమొస్తే రానీ. నా కొడుకు భోజనాల బల్ల దగ్గర, నా మనవరాలి ఎదురుగా, తెలిసిన మనిషికి అబద్ధం చెప్పి తలదించుకోవడం నేను చూడలేను. ఈ నాలుగు రకాలూ విడమరిచి రాసింది కూడా అందుకే. మా చెల్లెలు బీరు కాస్తుందండీ అని నువ్వు చెప్పినప్పుడు, ఏ బీరూ అని వాళ్ల బంధువుల్లో ఎవడైనా ఎకసెక్కెమాడితే, నీకు నోరు పెగలాలి. చిక్కదనం వేరు, మత్తు వేరు అని చెప్పు. పోర్టర్ ముందు పుట్టిందని చెప్పు. ఎవడూ మళ్లీ నోరెత్తడు.

కానీ ఒకటి విను. ముందే చెప్పేశాను కాబట్టి ఆ ఆదివారం నిజం చెప్పడంలో నీ గొప్పేం లేదు. చూసి రాసినవాడికి మార్కులెవరు వేస్తారు? నీ చెల్లెలికి కావలసింది అది కాదు. ఆయన అడగకముందే, ఆ ఆదివారం రాకముందే, నువ్వు దానికి రాయాలి. ఈ ఉత్తరానికి జవాబుగా నాకు కాదు. దానికి. పెళ్లికి రా చెల్లీ అని. ముందు వరసలో కూర్చోవాలి అని. ఎవరడిగినా ఏం చేస్తావో నువ్వే నీ నోటితో చెప్పుకోవాలి అని. నీ బదులు నేనో, నీ చేత రాయించి కోడలో, మధ్యలో ఎవరూ ఉండకూడదు.

నలుగురూ నాలుగు మాటలంటారని భయపడ్డావు. అనేవాళ్లు నలుగురే కదా. ఇక్కడ సాయంత్రమైతే బల్ల చుట్టూ ముప్పై మంది నిలబడి దాని చేతి పనిని మెచ్చుకుంటున్నారు. వాళ్లలో చర్చిలో హార్మోనియం వాయించే ఆయన ఉన్నాడు, పళ్ల డాక్టరు ఉంది, మనవళ్లని వెంటబెట్టుకొచ్చి వాళ్లకి నిమ్మరసం, తనకి స్టౌటు అడిగే ముసలావిడ ఉంది. ఇంతమంది తలెత్తుకుని తాగేదాన్ని కాచిన మనిషి తలదించుకోవాలా? నా బొందిలో ప్రాణముండగా దించుకోదు. నువ్వు దించమన్నా నేను దించనివ్వను. రంగుల తొట్ల దగ్గర పనిచేసి, మోచేతుల దాకా నల్లబడిన చేతులతోనే నీ బడికి వచ్చేవాణ్ణి నేను. అప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకునే నడిచావు. పట్టుకుంటే అంటుతుందని అనలేదు.

తిడుతున్నానని అనుకోకు. నాకు ఇవాళ తిట్టేంత కోపం లేదు, ఉన్నదంతా సంతోషమే, అది పొంగి నీ మీద కూడా పడుతోంది, అంతే. మనవరాలికి మంచి మామగారు దొరికాడు. నీ చెల్లెలికి పేరొచ్చింది. నాకు మోకాలు తిరిగొచ్చింది. ఇంత సంతోషంలో ఒక్క నువ్వే బయట నిలబడ్డావు. లోపలికి రా నాయనా.

ఇది రాస్తుంటే నీ చెల్లెలు నా వెనక్కి వచ్చి నిలబడింది. అన్నయ్యకేనా అంది. అవునన్నాను. చదవమంటావా అంటే వద్దంది. ఏమైనా రాయమంటావా అంటే, గోరుకి అంటుకున్న పిండి గీరుకుంటూ, "పిల్ల పెళ్లికి ఏ రంగు చీర కట్టుకుంటుందో అడుగు" అంది. అని వెళ్లిపోయింది. అడుగుతున్నాను.

కోడలికి ఆశీస్సులు. మనవరాలికి ముద్దులు. నువ్వు నీ చెల్లెల్ని పిలిస్తే ముందు రోజుకే మేమిద్దరం మీ గుమ్మంలో ఉంటాం. పిలవకపోతే ఆ రోజు మాకిక్కడ మామూలు పనిరోజు. పొద్దున్నే తొట్టి కింద మంట పెట్టాలి, దానికి సాయం నేను ఉండాలి. నేను లేకపోయినా పెళ్లి జరిగిపోతుంది, దానికి నువ్వేం కంగారుపడక్కర్లేదు.

ఇట్లు,
మీ ఇద్దరికీ ఒక్కణ్ణే అయిన
నాన్న